ఒలికిన నీళ్లు ప్రశ్నలో లేవు

అంకెలన్నీ మంగళవారం పొద్దున్న గోడ దిగాయి.

మట్లపాడు ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి చెప్పే హైమావతి టీచరు స్వయంగా స్టూలెక్కి, ఒకటి నుంచి వంద దాకా తను రంగు పెన్నులతో రాసి అతికించిన చార్టుని చిరగకుండా గోటితో గీకి గీకి తీసింది. దాని వెనకాలే కేలండరు దిగింది. గోడ గడియారం మాత్రం బాగా ఎత్తుగా ఉండడంతో హెడ్మాస్టరు సత్యానందం గారే బల్ల మీదికెక్కి, దాని మొహాన్ని గోడకేసి తిప్పి తగిలించారు. అది టిక్కుటిక్కుమంటూనే ఉంది గానీ, టైమెంతయిందో చెప్పే అధికారం పోయింది.

"ఎందుకండీ మేస్టారూ ఇదంతా?" అంది హైమావతి.

"ఆర్డరమ్మా. పైనుంచి వచ్చింది," అన్నారు సత్యానందం గారు చేతులకంటిన దుమ్ము దులుపుకుంటూ. "పైనుంచి వచ్చినదానికి ఎందుకనేది ఉండదు. ఎప్పట్నించి అనేదే ఉంటుంది. ఇవాళ్టినించి."

నిజానికి ఎందుకనేది ఉంది. రాజధానిలో జరిగిన ఒక సదస్సులో, పిల్లలతో చాలా ఏళ్లు పనిచేసిన ఒక పరిశోధకురాలు ఒక మాట చెప్పింది. చిన్నప్పుడు ఆలోచించి కారణం చెప్పడం అలవాటైన పిల్లలకి తర్వాత లెక్కలు కూడా బాగా వస్తున్నట్టు కనిపించిందనీ, కాబట్టి లెక్కలు చెప్పేటప్పుడు పిల్లల చేత కాస్త ఆలోచింపజేస్తే మంచిదనీ ఆవిడ అంది. ఎవరికీ ఏ హానీ చెయ్యని మాట. ఆవిడ చేసిన పొరపాటల్లా దాన్ని సరిగ్గా భోజనాల ముందు చెప్పడం. ముందు వరసలో కూచున్న పెద్ద అధికారికి మొదటి సగం వినిపించింది. రెండో సగం గుత్తి వంకాయ వాసనలో కలిసిపోయింది.

ఆ సగం మాటే ఫైలెక్కి బయల్దేరింది. రాష్ట్ర కార్యాలయంలో అది "తర్కం ఉన్నవారికే లెక్కలు వచ్చును" అయింది. జిల్లాకి వచ్చేసరికి "తర్కం లేనివారికి లెక్కలు చెప్పరాదు" అని గట్టిపడింది. మండలానికి దిగేసరికి "తర్కశక్తి ధ్రువీకరింపబడు వరకు బాలబాలికల కంట అంకె పడరాదు, చెవిన సంఖ్య సోకరాదు" అని ముదిరింది. ప్రతి మెట్టు దగ్గరా ఒక సంతకం పడింది, సంతకం చేసినవాళ్లంతా తలా కాస్త బిగించారు.

వానొస్తే గొడుగు వేసుకుంటాం కదా అని, జనం గొడుగులు తెరిచేదాకా వాన పడకూడదని ఆజ్ఞ వేసినట్టుంది ఇది, అనుకుంది హైమావతి. అనుకుందే గానీ పైకి అనలేదు. సర్వీసులో ఇన్నేళ్లు నెగ్గుకొచ్చిన మనిషికి ఏది అనుకోవాలో, ఏది అనాలో ఆ మాత్రం తెలుసు.

టీచర్లకి శిక్షణ మండల కేంద్రంలో జరిగింది. పథకం పేరు "తర్క ప్రథమం". సమన్వయకర్త కోదండపాణి గారు. నున్నగా దువ్విన తల, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో మైకు. మైకు పనిచెయ్యకపోయినా ఆయన దాన్ని వదల్లేదు.

"గణితమన్నది ఒక భవనం! తర్కమన్నది దాని పునాది! పునాది ఆరకముందే ఇటుకలు పేర్చుటయే మన విద్యావ్యవస్థ యొక్క మౌలిక దోషం. అందుచేత ముందుగా పునాదిని ఆరబెట్టుదాం."

"పిల్లలు లెక్కపెడుతూ కూడా ఆలోచిస్తారు కదండీ," అంది హైమావతి లేచి. "నాలుగు రేగుపళ్లు ఇద్దరికి పంచమంటే, ముందు నీకొకటి నాకొకటి అని మొదలుపెడతారు. అందులో లెక్కా ఉంది, ఆలోచనా ఉంది. ఏది ముందో ఎలా విడదీస్తాం?"

కోదండపాణి గారు ఆవిడకేసి జాలిగా చూశారు. "దానినే మార్గదర్శకాలలో అకాల గణనం అన్నారు టీచరుగారూ. అదే మన ప్రధాన శత్రువు."

టీ విరామంలో ఆయనే ఆవిడ దగ్గరికొచ్చారు. చేతిలో మైకు లేకపోతే ఆయన వేరే మనిషిలా ఉన్నారు. "నేను పదిలో లెక్కల్లో తప్పానండీ," అన్నారు గొంతు తగ్గించి. "మా నాన్న ఇంట్లోకి రానివ్వలేదు. అరుగు మీద పడుకున్నాను. ఎక్కాలు బెత్తంతో నేర్పారు గానీ అవెందుకో ఒక్కడూ చెప్పలేదు. అలా ఇంకో పిల్లాడు ఏడవకూడదనే నా తాపత్రయం." ఆ మాట చెబుతుంటే ఆయన కళ్లలో నిజంగానే తడి కనిపించింది. హైమావతికి ఆయన మీద ఉన్న కోపం సగం పోయింది. మిగతా సగం ఆఖరి నిబంధన విన్నప్పుడు తిరిగి వచ్చింది.

ఆఖరి నిబంధన ఏమిటంటే, సమన్వయకర్త సందర్శనకి వచ్చి పరీక్షించే నాటికి తర్కం ధ్రువపడని పిల్లల్ని "పునఃసంసిద్ధత నిమిత్తం" అంగన్‌వాడీకి వెనక్కి పంపాలి.

బళ్లో మాత్రం పథకం జోరందుకుంది. వంటావిడ గుడ్లు లెక్కపెట్టి ఇస్తుంటే పిల్లలు చూస్తున్నారని, గుడ్డు కావలసినవాళ్లు తర్కబద్ధంగా అడగాలని సత్యానందం గారు నియమం పెట్టారు. పిల్లలు వరసలో నిలబడి "బడికి వచ్చినవాళ్లకి గుడ్డు ఇస్తారు, నేను బడికి వచ్చాను, కాబట్టి నాకు గుడ్డు ఇవ్వాలి" అని అప్పజెప్పి గుడ్డు పట్టుకెళ్లేవాళ్లు. రెండ్రోజులు బాగానే ఉంది. మూడో రోజుకి తర్కం పాకాన పడింది. "నిన్న నాకు జొరం, నిన్న రాలేదు, కాబట్టి నిన్నటి గుడ్డు ఇంకా ఇక్కడే ఉంది, కాబట్టి ఇవ్వాలి" అన్నాడొకడు. "మా తమ్ముడు బడికి రావాలి, ఇంకా పుట్టలేదు, కాబట్టి వాడి గుడ్డు కూడా నాకే" అన్నాడింకొకడు. వంటావిడ గరిటె పట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి వచ్చేసింది.

అంతకంటే విచిత్రం అంకెలకి జరిగింది. అనకూడదన్నారు కదా, పిల్లలకి వాటి మీద ఎక్కడలేని మోజు పుట్టింది. నీళ్ల ట్యాంకు వెనకాల గుంపు కట్టి, చేతులడ్డం పెట్టుకుని గుసగుసగా లెక్కపెట్టుకునేవాళ్లు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే చప్పున ఆపేసి, పాట పాడుతున్నట్టు నటించేవాళ్లు. ఒక రోజు ఒక పిల్లాడు ఏడుస్తూ హైమావతి దగ్గరికొచ్చాడు.

"టీచరండీ, ఈడు నన్ను పధ్నాలుగన్నాడండీ!"

"నువ్వు ముందు నన్ను డెబ్బై తొమ్మిదన్లేదేటి?" అన్నాడు వెనకాలే వచ్చినవాడు.

హైమావతికి నవ్వాపుకోవడం కష్టమైంది. ఇరవై ఏళ్లు బతిమాలి, పాటలు కట్టి, చింతగింజలు పంచి నేర్పినా అంకెల మీద ఇంత ఇష్టం తను పుట్టించలేకపోయింది. ప్రభుత్వం ఒక్క కాగితంతో పుట్టించింది.

ఆవిడకి నవ్వురానిది లోవ విషయంలోనే. లోవకుమారి ఒకటో తరగతిలో కిటికీ పక్కన కూచునే పిల్ల. వాళ్లమ్మ నూకరత్నం ఊరి చివర రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. లోవకి కనపడినదల్లా లెక్కపెట్టడం అలవాటు. పైకప్పు రేకులు, కిటికీ ఊచలు, ముందు కూచున్నవాళ్ల జడలు. లెక్కపెట్టొద్దని చెబితే నోరు మూసుకుంటుంది గానీ, వీపు వెనక దాచుకున్న చేతివేళ్లు ఒకటొకటిగా ముడుచుకుంటూనే ఉంటాయి. ఏం అడిగినా జవాబు ముందుంటుంది. ఎలా తెలిసిందే అంటే మాత్రం ఒకటే మాట. "లెక్కెట్టేనండి."

ఆ ఒక్క మాట చాలు, అకాల గణనం కింద పిల్ల అంగన్‌వాడీకి వెళ్లిపోతుంది.

నూకరత్నం ఒక సాయంత్రం బడి గుమ్మం దగ్గర నిలబడింది. చేతులకి రొయ్యల వాసన పోలేదని లోపలికి రాలేదు.

"పిల్లని ఎనక్కి పంపేత్తారంటున్నారు, నిజవేనాండీ?"

"పరీక్షుందమ్మా. చూద్దాం."

"అంగన్‌వాడీ మజ్జేన్నానికే అయిపోద్దండి. షెడ్డులోకి పిల్లల్ని రానివ్వరండి. సాయంత్రం దాకా దీన్ని రోడ్డు మీదొదిలేసి నేనక్కడ కూకుంటే నాకు చెయ్యాడద్దాండీ? పని మానేత్తే తినేదేటండీ?" ఆవిడ ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "అది తెలివైందేనాండీ?" అని అడిగింది.

"తెలివైందేనమ్మా. అదే వచ్చిన చిక్కు," అంది హైమావతి.

ఆ వారమంతా బడి వదిలాక ఆవిడ లోవని కూచోబెట్టుకుంది. "లెక్కపెట్టాను అనకు తల్లీ. ఇలా ఉంది, అలా ఉంది, కాబట్టి ఇలా అని చెప్పు."

"కానీ నేను లెక్కెట్టేను గదండీ."

"పెడితే పెట్టావు. అనకు."

"మరబద్దం అవదాండీ?"

'అనకు' అన్న మాట తన నోటి నుంచి వచ్చినందుకు హైమావతికి సిగ్గేసింది. ఆ సాయంత్రం పిల్లని తొందరగా ఇంటికి పంపేసింది.

సందర్శన రోజున కోదండపాణి గారు ప్రభుత్వం సరఫరా చేసిన తర్క పేటికతో దిగారు. అందులో ఒక వెడల్పాటి గిన్నె, ఒక సన్నని పొడుగు గ్లాసు, ఒక జవాబుల పుస్తకం ఉన్నాయి. పరీక్ష ఏమిటంటే, గిన్నెలో నీళ్లు పోసి పిల్లకి చూపించి, వాటిని పొడుగు గ్లాసులోకి వంచి, ఇప్పుడు నీళ్లు ఎక్కువా, తక్కువా, సమానమా అని అడగాలి. నీళ్ల మట్టం పైకి వచ్చింది కదా అని ఎక్కువ అంటే తర్కం లేనట్టు. సమానం అని, కాబట్టి అని కారణం చెబితే ఉన్నట్టు. పరీక్షలో తప్పేమీ లేదు. గ్లాసు మూతి మాత్రం మరీ ఇరుకు.

మొదటి పిల్లాడు గుడ్ల వరసలో ఆరితేరినవాడు. నీళ్లకేసి చూడనైనా చూడకుండా చేతులు కట్టుకుని, "నేను బడికొచ్చేను, కాబట్టి సమానం" అన్నాడు.

కోదండపాణి గారు జవాబుల పుస్తకంలో చూశారు. సమానం ఉంది. కాబట్టి కూడా ఉంది. "శభాష్! తర్కం ధ్రువీకృతం," అన్నారు. గుమ్మంలో నిలబడ్డ సత్యానందం గారు చప్పట్లు కొట్టారు. వాడి వెనకాల వచ్చిన పిల్లలంతా వాడి మాటే అప్పజెప్పి వరసగా ధ్రువీకృతులైపోయారు.

తర్వాత లోవ వచ్చింది. ఆయన గిన్నె వంచారు. సగం నీళ్లు గ్లాసులో పడ్డాయి, కొన్ని గ్లాసు అంచు తగిలి బల్ల మీద పడ్డాయి, కొన్ని బల్ల మీంచి ఆయన మోచేతి దాకా పాకాయి.

"చెప్పమ్మా. నీరు ఎక్కువా, తక్కువా, సమానమా?"

లోవ గ్లాసుకేసి చూసింది, బల్లకేసి చూసింది. "తక్కువండి."

హైమావతి బల్లకేసి ఒక అడుగు ముందుకేసింది.

"బాగా ఆలోచించి చెప్పు. సమానం కాదూ?"

"కాదండి. కొన్ని ఒలికిపోయేయి గదండీ. ఒలికినియ్యి గళాసులో లేవు గదండీ. కాబట్టి తక్కువండి."

కోదండపాణి గారు జేబురుమాలుతో జవాబుల పుస్తకం మీద పడ్డ నీళ్లు ఒత్తుతూ అందులో వెతికారు. తక్కువ అనే జవాబుకి అందులో చోటే లేదు. "తప్పు. ధ్రువీకరణ సాధ్యపడదు," అన్నారు ఇబ్బందిగా.

అనుకోవలసినవీ అనవలసినవీ వేరువేరుగా పెట్టుకున్న హైమావతికి ఆ క్షణాన రెండూ కలిసిపోయాయి. "అయ్యా, ఆ పిల్ల చెప్పింది నిజమండీ. బల్ల తడిసింది చూడండి."

"ఒలికిన నీరు ప్రశ్న పరిధిలోకి రాదు టీచరుగారూ."

"మీ మోచెయ్యి తడిసిందండీ."

"నా మోచెయ్యి కూడా రాదు."

"ఇది ఇలా ఉంది, అది అలా ఉంది, కాబట్టి ఇలా అని చెప్పమన్నది మీరే కదండీ! ఇవాళ పొద్దున్నించీ ఈ గదిలో కారణం చెప్పింది ఈ పిల్లొక్కతే. మిగిలినవాళ్లు బడికి వచ్చారు కాబట్టి సమానమన్నారు, మీరు శభాష్ అన్నారు. దీన్ని వెనక్కి పంపితే ఇది మళ్లీ ఈ మెట్లెక్కదు. వాళ్లమ్మకి పని పోతుంది. మీరు అరుగు మీద పడుకున్నారన్నారే, దీనికి అరుగు కూడా లేదండీ."

సత్యానందం గారు గుమ్మంలోంచి వరండాలోకి జరిగారు. కోదండపాణి గారు తడిసిన చొక్కా చేతిని చూసుకున్నారు, పిల్లకేసి చూశారు. ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు.

అవతల పై అధికారి గొంతు గదంతా వినిపించింది. "మీకూ ఒలుకుతున్నాయా? జిల్లా అంతా ఇదే గోల. పిల్లలందరూ తక్కువ, తక్కువ అంటున్నారట. అంగన్‌వాడీల్లో కూచోబెట్టడానికి చోటు లేదని ఆయాలు ధర్నాకి దిగారు."

"గ్లాసు మార్చినచో..."

"సరఫరా అయిపోయిన గ్లాసు ఎలా మారుస్తామయ్యా? సమస్య మూలానికి వెళ్లండి. ఒలుకుతున్నది ఏమిటి?"

"నీరండీ."

"అయితే నీరు తొలగించండి. ఇకమీదట పరీక్ష ఖాళీ పాత్రలతో జరపండి. జవాబు మాత్రం అదే."

కోదండపాణి గారు ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చారు. ఎవరి మొహంలోకీ చూడకుండా గిన్నె, గ్లాసు రెండూ కిటికీలోంచి బయటికి బోర్లించి, రుమాలుతో శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టారు. గొంతు సవరించుకున్నారు. ఖాళీ గిన్నెని పైకెత్తి, ఖాళీ గ్లాసు మీద ఎంతో జాగ్రత్తగా, నెమ్మదిగా వంచారు. ఈసారి చుక్క కూడా ఒలకలేదు.

"ఇప్పుడు చెప్పమ్మా. ఇందులో ఎక్కువా, అందులో ఎక్కువా, సమానమా?"

లోవ నోరు తెరిచి ఆయన్ని చూసింది. తర్వాత టీచరుకేసి చూసింది. హైమావతి తల తిప్పుకుంది. ఏం చెప్పమని సైగ చేస్తుంది? నీళ్లే లేవు కదండీ అంటే ఆ పిల్ల బతుకు అంగన్‌వాడీ పాలు. అబద్ధం చెప్పమనడానికి ఇంకోసారి మనసు రాలేదు.

లోవ గిన్నెలోకి తొంగి చూసింది. గ్లాసులో చెయ్యి పట్టలేదు కాబట్టి ఒక కన్ను మూసి లోపలికి చూసింది. చాలాసేపు ఆలోచించింది.

"ఇందులో ఏం లేదండి. అందులోనూ ఏం లేదండి," అంది నెమ్మదిగా. "కాబట్టి సమానవండి."

"లెక్కపెట్టలేదు కదా?" అన్నారు కోదండపాణి గారు ఆత్రంగా.

"లెక్కెట్టడానికేం లేదు గదండీ."

ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడు వెనక బెంచీ దాకా వినపడింది. "ధ్రువీకృతం," అన్నారు. పేటిక సర్దుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, హైమావతితో మెల్లగా అన్నారు. "అకాల గణన నిషేధం ఈ తరగతికి నేటితో తొలగినట్టే టీచరుగారూ. మీరు చెప్పుకోవచ్చు. కాస్త... కొట్టకుండా చెప్పండి."

"నేనెప్పుడూ కొట్టలేదండీ," అంది హైమావతి.

ఆయన జీపు కదలగానే పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. లోవ ఇంకా గ్లాసు పెట్టిన చోటే నిలబడి ఉంది.

"టీచరండీ, నేనెప్పుడూ ఒకట్నించే లెక్కెడతానండీ. ఏం లేకపోతే దాన్నేటంటారండీ?"

హైమావతి సుద్దముక్క తీసుకుంది. బోర్డు మీద గుండ్రంగా, పెద్దగా ఒక సున్నా చుట్టింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. అంత బహిరంగంగా, పట్టపగలు, ఒక అంకెని వాళ్లు చూసి చాలా కాలమైంది.

"సున్నా," అంది. "ఏమీ లేదని చెప్పడానికి కూడా మనకి ఒక అంకె ఉంది."

"ఏం లేనిదానికి అంకెందుకండీ?" అన్నాడు గుడ్లవాడు.

ఆ ప్రశ్న మీద బడి వదిలేదాకా గొడవ జరిగింది. పుట్టని తమ్ముడికి సున్నా గుడ్లని ఒకరు, అసలు వాడే సున్నా అని ఇంకొకరు. హైమావతి ఒక్కరి నోరూ మూయించలేదు. అంత సంతోషంగా లెక్కల పాఠం తనెప్పుడు చెప్పిందో ఆవిడకే గుర్తులేదు.

సాయంత్రం నూకరత్నం పరుగులాంటి నడకతో వచ్చింది. ఈసారి వాసన సంగతి మరిచిపోయి తిన్నగా గదిలోకి వచ్చేసింది.

"ఉంచుతున్నారాండీ?"

"ఉంచుతున్నామమ్మా."

నూకరత్నం గోడకి చేరగిలబడింది. తర్వాత కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "ఏం చదివేవే ఇయ్యాల?"

"సున్నా!" అంది లోవ మొహం వెలిగిపోతూ.

"సున్నాయా? ఇన్నాళ్లు బడికంపితే సున్నాయా?" నూకరత్నం బిక్కమొహం వేసుకుని టీచరుకేసి చూసింది. "అయితే రేపు ఒకటి చెబుతారాండీ?"

"చెబుతానమ్మా," అంది హైమావతి. "ఒకటి చెబుతాను, రెండు చెబుతాను, ఇది అడిగిందంటే మూడు కూడా చెబుతాను."

ఆ మాటలు ఆవిడ గొంతు తగ్గించకుండా, వరండాలో ఉన్న హెడ్మాస్టరుకే కాదు, రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా వినపడేలా అంది.